లాడ్జిలో ఒక సెమిస్టర్

యూనివర్సిటీలో టూరిజం చదువుతున్నప్పుడు నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. చివరి ఏడాది ఒక సెమిస్టర్ మొత్తం క్లాసులుండవు. మా విభాగానికి ఒప్పందం ఉన్న ఏదో ఒక హోటల్లోనో, ట్రావెల్ కంపెనీలోనో పనిచేయాలి. మార్కుల్లో సగం అక్కడివాళ్లే వేస్తారు. నాకు విమానాశ్రయం దారిలో ఉన్న పెద్ద హోటల్ కావాలి. నల్ల కోటు, మెడలో స్కార్ఫు వేసుకుని అక్కడి పాలరాతి నేల మీద నిలబడి ఫోటో దిగాలి. మా సీనియర్లందరూ అలాంటి ఫోటోలు పెట్టినవాళ్లే.

ఆ ఏడాది ఆ హోటల్లో రెండు అంతస్తులు మరమ్మత్తుకు మూసేశారు. తీసుకునే పిల్లల సంఖ్య తగ్గించేశారు. మిగిలిపోయిన మమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియక మా మేడమ్ ఎండలో తిరిగి కోయంబత్తూరు గాంధీపురంలోని కొన్ని లాడ్జిలతో మాట్లాడి వచ్చింది. నా పేరు ఎదురుగా బస్టాండు వెనక వీధిలోని ఒక లాడ్జి పేరు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మాది కారమడై దగ్గర ఒక పల్లె. మా నాయన కరివేపాకు వేస్తాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడిలో చదివింది మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు నేను కాలేజీకి వచ్చాక ఫోనులో చూసి నేర్చుకున్నాను. మా వైపు లాడ్జి అనే మాటకు మంచి పేరు లేదు. సినిమాల్లో, పేపర్లలో తప్పు పనులన్నీ అక్కడే జరుగుతాయి. ఆడపిల్ల అక్కడ కూర్చుంటుందంటే మా నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"నిన్ను చదివించింది దీనికా అమ్మిణీ?" అన్నాడు. మా వైపు ఆడబిడ్డలను ముద్దుగా అమ్మిణి అంటారు. కోపంలోనూ ఆ పిలుపు మాత్రం మారలేదు.

మా మేడమ్ ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. లాడ్జి నడిపేది ఒక పెద్దావిడేనని, ఆమె కుటుంబం పైఅంతస్తులోనే కాపురం ఉంటుందని, సాయంత్రం కాగానే నేను హాస్టలుకు వెళ్లిపోతానని చెప్పింది. నాయన సరేనన్నాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా "ఎప్పుడు ముగుస్తుంది?" అనే అడిగేవాడు.

మొదటి రోజు కోటు, స్కార్ఫు వేసుకునే వెళ్లాను. ఆ రిసెప్షన్‌లో ఏసీ లేదు. ఒక ఫ్యాను ఉంది, అది కూడా క్యాలెండర్ వైపే తిరిగేది. ఓనరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆవిడది మదురైలో గాజుల కొట్టు నడిపిన తెలుగు కుటుంబం, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. నేను తెలుగుదాన్నని మా మేడమ్ ముందే చెప్పినట్టుంది.

"ఆ కోటు తీసెయ్ కన్నూ. నిన్ను చూస్తుంటే నాకు ఉడుకుతా ఉండాది."

"సరే మేడమ్."

"మేడమ్ ఏంది? పెద్దమ్మా అను."

ఆ రోజు దిగిన మొదటి మనిషి చేతిలో ఒక ఫ్లాస్కు, చంకలో ఎక్స్‌రే కవరు ఉన్నాయి. నేను క్లాసులో నేర్పినట్టే నవ్వి, తాళం ఇచ్చి, "ఎంజాయ్ యువర్ స్టే సార్" అన్నాను. ఆయన ఒక క్షణం నా మొహం చూసి మెట్లెక్కి వెళ్లిపోయాడు. పెద్దమ్మ నెమ్మదిగా చెప్పింది, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉందని, ఈ లాడ్జికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లేనని. కేరళ నుంచి, కొండ ఊళ్ల నుంచి, తేని, దిండిగల్ వైపు నుంచి కోయంబత్తూరుకు వైద్యం కోసం వచ్చేవాళ్లు. ఊరు చూడడానికి వచ్చినవాడు ఒక్కడూ నాకు ఆ వారంలో కనిపించలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఈ మనుషులు లేరు. ఇక్కడ నేను ఏం నేర్చుకోవాలో, ఎవరికి ఏం చెప్పాలో తెలియక రిజిస్టరు రాస్తూ, తాళాలు తుడుస్తూ గడిపాను.

ఆ సమయంలోనే తేని వైపు నుంచి ఆ దంపతులు వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. భార్య భుజం మీద చెయ్యి వేసుకుని, గడప దగ్గర కాలితో తడుముకుని లోపలికి వచ్చాడు. గది అడిగేది తమిళంలో, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది తెలుగులో.

"ఈ పిల్లకి ఏం తెలుసు? గొంతు చూస్తే చిన్నపిల్ల మాదిరి ఉండాది. పెద్దోళ్లని పిలవమను" అన్నాడాయన భార్యతో.

"పెద్దోళ్లు పైన పూజలో ఉండారు మామా. నేనే ఇస్తా గది. మెట్లు లేకుండా కిందదే ఇస్తా" అన్నాను.

ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆవిడకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. కోయంబత్తూరులో దిగినప్పటి నుంచి ఇంటి మాట వినబడడం అదే మొదటిసారట. ఆ రోజు నుంచి వాళ్లు నాకు మామ, అత్త.

మామ యాలకుల గ్రేడింగు చేసే మనిషి. గింజను చేతిలో వేసుకుని, రంగు చూసి ఏ రకమో చెప్పడమే ఆయన బతుకుతెరువు. ఒక కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. మిగిలిన కంటికి పొర కమ్మింది. పని వదులుకోలేక వాయిదా వేస్తూ పోయేసరికి అది రాయిలా గట్టిపడింది. మదురైలో చూసిన డాక్టరు ఇక్కడి పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు. ఈ డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు కానీ, షుగర్ దిగేదాకా కంటిని ముట్టనన్నాడు. ఉన్నది ఒక్క కన్ను. అది పోతే ఇక లేదు.

అందుకని వాళ్లు లాడ్జిలోనే ఉండిపోయారు, షుగర్ దిగడం కోసం.

రెండు మూడు రోజులు చూశాను. పక్క మెస్సులో తెల్లన్నం, బంగాళదుంప. తిని పడుకోవడం. అత్త ఒంటరిగా రోడ్డు దాటలేదు. మామ గది దాటి బయటికి రాడు. పరీక్ష చేయించిన ప్రతిసారీ అత్త ముఖం వాడిపోయి వచ్చేది. నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, పైన వాళ్ల వంటింట్లో రాగిముద్ద చేయించి ఇవ్వగలమా అని అడిగాను.

"ఇది లాడ్జి కన్నూ. మెస్సు కాదు, ఆస్పత్రీ కాదు" అందామె.

నేను వెళ్లి మళ్లీ తాళాలు తుడవసాగాను. కాసేపటికి ఆవిడే పిలిచి, "ఉప్పు ఎంత వేయాలో ఆ అమ్మనడుగు" అంది.

ఆస్పత్రికి వెళ్లి, ఆహారం గురించి చెప్పే ఆవిడను కలిసి, ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో అడిగి వచ్చాను. మెస్సువాళ్లతో మాట్లాడి కూరలో దుంపలు తీసేయించాను. నడవాలని కూడా చెప్పారు. గాంధీపురం రోడ్ల మీద ఆయనను ఎక్కడ నడిపించగలం? బస్సులు, ఆటోలు, బట్టల షాపుల ముందు జనం. అందుకని పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్లేదాన్ని. ఒక చెయ్యి నేను పట్టుకుంటే ఆయన గోడ వెంబడి చుట్లు తిరిగేవాడు. అత్త నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేది.

ఊరికే నడిస్తే విసుగు. ఒక రోజు ఆయనే అడిగాడు, "నువ్వేం చదువుతా ఉండావు?"

"టూరిజం మామా. ఊళ్లు చూపించే చదువు."

"అయితే చూపించు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. సరేనని మొదలుపెట్టాను. కింద ఎడమవైపు బస్టాండు, ఎదురుగా బట్టల షోరూము, అందులో పచ్చ చీర కట్టిన బొమ్మ అని చెప్పాను.

"పచ్చ అంటే ఏ పచ్చ?"

"పచ్చే మామా."

"పచ్చలో ఎన్నో ఉండాయి. ఆకు పచ్చా, కాయ పచ్చా, ఎండితే వచ్చే పచ్చా?"

నేను పిట్టగోడ మీద నుంచి వంగి మళ్లీ చూశాను. అప్పటిదాకా ఆ చీరను నేను నిజంగా చూడలేదని అప్పుడు తెలిసింది. "లేత కొబ్బరి బోండాం పచ్చ" అన్నాను. ఆయన తల ఊపాడు. "ఇప్పుడు కనిపించింది" అన్నాడు.

అలా రోజూ పొద్దున ఆయనకు గాంధీపురం చూపించాను. ఎవరు ఏ వైపు నుంచి వస్తున్నారు, బస్సు మీద ఏ రంగు గీత ఉంది, కొండలు ఈ రోజు దగ్గరగా కనిపిస్తున్నాయా దూరంగానా. నేను తడబడితే ఆయన ఆగి నిలబడేవాడు. క్లాసులో మా మేడమ్ చరిత్ర, కట్టడాలు, ఏ మాట ఎలా పలకాలో అన్నీ నేర్పింది. అవన్నీ పనికొచ్చాయి. కానీ ఎదుటి మనిషికి ఏం కావాలో విని చెప్పడం నాకు ఆ డాబా మీదే అలవాటైంది. వారం తిరిగేసరికి షుగర్ దిగింది. డాక్టరు మరుసటి పొద్దున్నే రమ్మన్నాడు. నేనూ వెంట వస్తానని అత్తకు మాటిచ్చాను.

ఆ రోజు తెల్లవారుజామున వాన మొదలైంది. హాస్టలు నుంచి గొడుగేసుకుని లాడ్జికి చేరేసరికి వీధిలో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. వంతెన కింద రోడ్డు మునిగిపోయింది. ఆటోవాళ్లు రామన్నారు. ఫోనులో పిలిచిన కార్లు ఒకటి తర్వాత ఒకటి రద్దయ్యాయి. మామ తల మీద తువ్వాలు కప్పుకుని మెట్ల దగ్గర తయారుగా నిలబడి ఉన్నాడు. ఏమీ తినలేదు. అత్త నిమిషానికొకసారి గడప దాకా వెళ్లి వస్తోంది.

అప్పుడే మా నాయన వచ్చాడు.

మార్కెట్టులో కరివేపాకు దించి, వ్యాను వేసుకుని నేరుగా వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. మా ఊరివాళ్లెవరో బట్టలకు వచ్చినప్పుడు నన్ను కౌంటర్లో చూశారట. వెళ్లి ఇంటి ముందు నిలబడి, మీ పిల్ల లాడ్జిలో కూర్చుని ఉందని నలుగురూ వినేలా అన్నారట.

"సామాను ఎత్తుకో అమ్మిణీ. ఇంటికి పోదాము."

"నాయనా, ఇప్పుడు కాదు. ఈ మామకు ఆపరేషన్..."

"ఇప్పుడే. చదివింది చాలు."

పెద్దమ్మ ఏదో అనబోయింది. ఆ గొడవంతా పట్టని మనిషి ఒక్క అత్తే. ఆవిడ బయట ఆగిన వ్యానును చూసి, లోపలికి వచ్చి, మా నాయన ముందు నిలబడింది.

"అన్నా, ఆ బండి మీదేనా?"

నాయన తలతిప్పాడు. లాడ్జిలో ఒక ఇల్లాలు తెలుగులో అన్నా అని పిలుస్తుందని ఆయన అనుకుని ఉండడు.

"మాదే."

"మమ్మల్ని ఆస్పత్రికాడ దించేస్తారా? పొద్దు మీరితే వేరేవాళ్లని పిలిచేస్తారంట. మళ్ళా ఎన్నాళ్లకో. ఈయనకి ఉండేది ఒక్క కన్నే అన్నా."

నాయన ఆవిడను చూశాడు, గోడ పట్టుకుని నిలబడిన మామను చూశాడు. నా వైపు చూడలేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"తేని పక్కన."

"ఎక్కండి, ఎక్కండి. మాట్లాడతా నిలబడితే ఎట్లా?" అంటూ తనే మామ చెయ్యి పట్టుకుని నడిపించాడు.

మామ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను, అత్త వెనక ఖాళీ గోనెసంచుల మీద, టార్పాలిన్ కింద. నాయన వంతెన వైపు పోకుండా ఏవేవో సందుల్లోంచి తిప్పాడు. మధ్యలో మామ గొంతు వినబడింది.

"కరివేపాకా అన్నా?"

"ఔను. మా తోటదే."

"మంచి ఘాటు ఉండాది. ఈ రోజు కోసిందే."

నాయన బండి కాస్త మెత్తగా తోలాడు. ఆస్పత్రి వాకిట్లో దిగేసరికి మామ పేరు ఒకసారి పిలిచి వెళ్లారట. నేను పరుగెత్తి చెప్పాను. నర్సు వచ్చి వేలు పొడిచి రక్తం చూసింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. నర్సు తల ఊపి మామను లోపలికి తీసుకెళ్లింది.

కాసేపే పడుతుందన్నారు. కాసేపు దాటింది. మామ తర్వాత లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చారు, మామ రాలేదు. మా నాయన వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన బెంచీ చివర కూర్చుని అత్తకు కరివేపాకు తెగుళ్ల గురించి చెబుతున్నాడు. ఆవిడ వింటున్నట్టు తల ఊపుతోంది, కళ్లు మాత్రం తలుపు మీద. మధ్యలో ఒకసారి నాయన లేచి వెళ్లి మా ఇద్దరికీ ఇడ్లీ పొట్లాలు తెచ్చాడు. అత్త విప్పలేదు.

"తినమ్మా. ఆయన వచ్చినాక నువ్వు కదా పట్టుకోవాల" అన్నాడు. అప్పుడు తింది.

చివరికి డాక్టరు బయటికి వచ్చాడు. మాస్కు కిందికి లాగి తమిళంలో చెప్పాడు. పొర చాలా గట్టిగా ఉందని, అందుకే నెమ్మదిగా చేయాల్సి వచ్చిందని, బాగానే అయిందని, రేపు కట్టు విప్పుతామని. అత్తకు అర్థమైంది, అయినా నా వైపు తిరిగింది. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయింది. నాయన మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. తడి ఎప్పుడో ఆరిపోయింది, అయినా తుడుచుకున్నాడు.

మమ్మల్ని అందరినీ నాయనే లాడ్జికి తెచ్చి దించాడు. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. నాయన రిసెప్షన్‌లో కూర్చుని తాగుతున్నంతసేపూ నేను తాళాల దగ్గర నిలబడి ఉన్నాను, పొద్దుటి మాట మళ్లీ ఎప్పుడు ఎత్తుతాడా అని. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"రేపు కట్టు ఇప్పేటప్పుడు నువ్వు పో. ఏమైందో నాకు ఫోను చెయ్యి" అన్నాడు.

అంతే. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి చూసి లోపలికి వచ్చాను. పెద్దమ్మ తన కుర్చీ నా వైపు జరిపింది.

మర్నాడు చిన్న గదిలో నర్సు కట్టు విప్పి, కన్ను తుడిచి, తెరవమంది. మామ తెరవడానికి భయపడ్డాడు. తర్వాత కొద్దికొద్దిగా తెరిచాడు. ఎదురుగా అత్త ఉంది. చాలాసేపు చూశాడు.

"ఏందే, తల ఇంత నెరిసిపోయింది?"

అత్తకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అద్దం చూసుకునే తీరిక యాడుంది నాకు!" అంది. నర్సు కూడా నవ్వింది, మాట అర్థం కాకపోయినా. మామ నా వైపు తిరిగి, "నువ్వేనా? గొంతుకు తగ్గట్టే ఉండావు" అన్నాడు. నేను వరండాలోకి వచ్చి నాయనకు ఫోను చేశాను.

"కనిపిస్తా ఉందంట నాయనా."

అటువైపు ఆయన మా అమ్మతో గట్టిగా అంటున్న మాట వినబడింది, "కన్ను వచ్చేసిందంట!" తన సొంత అన్నకు వచ్చినట్టే ఉంది ఆ గొంతు. ఆ తర్వాత మా ఊరివాళ్లు నా గురించి అడిగినప్పుడు, లాడ్జిలో పనే, రోగులకు చానా ఉపకారమైన పని అని నాయనే చెప్పాడని అమ్మ చెప్పింది. ఎప్పుడు ముగుస్తుందని నాయన మళ్లీ అడగలేదు.

మళ్లీ చూపించుకునేదాకా ఉండమని డాక్టరు చెప్పడంతో వాళ్లు ఇంకొన్నాళ్లు ఉన్నారు. మామ ఇప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కడే డాబా ఎక్కేవాడు. షోరూము బొమ్మకు అప్పటికే చీర మార్చేశారు. "నువ్వు చెప్పింది నిజమో కాదో ఎట్లా తెలిసేది?" అని నాతో పోట్లాడాడు.

ఆ మధ్యలోనే నా వైవా, సెమిస్టర్ నడుమ పెట్టే నోటి పరీక్ష. మేడమ్ పక్కన ఒక హోటల్ మేనేజరు పరీక్షకుడిగా కూర్చున్నాడు. పెద్ద హోటళ్లలో చేస్తున్నవాళ్లు విదేశీ అతిథుల గురించి, విందుల గురించి చెప్పి బయటికి వచ్చారు. నా వంతు వచ్చింది.

"లాడ్జిలో టూరిస్టులు ఎవరు వచ్చారు?" అని అడిగాడాయన.

"ఎవరూ రాలేదు సార్" అన్నాను.

మేడమ్ బల్ల వైపు చూసింది. ఇక దాచేదేముందని జరిగింది జరిగినట్టు చెప్పాను. రాగిముద్ద, డాబా, వాన, వ్యాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు. నేను ఆపాక, ఆస్పత్రిలో ఆహారం చెప్పే ఆవిడను ఎలా కలిశావు, మెస్సువాళ్లు ఎలా ఒప్పుకున్నారు, ఇంకో కుటుంబం ఇలాగే వస్తే మొదటి రోజే ఏం చేస్తావు అని అడిగాడు. అవన్నీ నాకు తెలిసినవే. బయటికి వచ్చాక మేడమ్ వెనకే వచ్చి నా భుజం తట్టింది. "నిన్ను అక్కడికి పంపి ఎన్ని రోజులు నిద్రపోలేదో తెలుసా?" అంది. నాలాగే ఆవిడా ఇన్నాళ్లూ భయపడిందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మామ, అత్త ఊరికి వెళ్లే రోజు తేని బస్సులు దొరికే సింగానల్లూరు బస్టాండుకు నేనూ వెళ్లాను. బస్సులో ఇద్దరూ కిటికీ సీటు కోసం తగువు పెట్టుకున్నారు. దారంతా చూసుకుంటూ పోతానని మామ. దుమ్ము పడితే కన్ను ఏం కావాలని అత్త. కండక్టరు కూడా అత్త పక్షమే. చివరికి అత్త కిటికీ దగ్గర కూర్చుంది. మామ ఇవతల సీట్లో కూర్చుని, ఆవిడ భుజం మీద నుంచి మెడ చాచి బయటికి చూస్తున్నాడు.

"తల తియ్యి, కనిపించడం లేదు" అంటున్నాడు.

"తియ్యను" అంటోంది అత్త.

బస్సు కదిలింది. వాళ్లిద్దరూ నాకు చెయ్యి ఊపడం కూడా మరిచిపోయి తగువాడుకుంటూనే వెళ్లారు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. పక్కన మూటల మీద కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి తనూ నవ్వింది. ఆ తర్వాత టీ తాగి, వచ్చిన బస్సెక్కి గాంధీపురం తిరిగి వచ్చాను.